ఖాళీ జాగ ఎవరికి ఖాళీ?

యాసంగి కోతలు మొదలయ్యాయంటే మా బచ్చన్నపేట మండలంలో తారు రోడ్డు సగమే మిగులుతుంది. మిగతా సగం మీద వడ్లు ఉంటాయి. మిషన్ కోసిన పచ్చి వడ్లను అట్లే కొనుగోలు కేంద్రానికి తీసుకపోతే కాంటా పెట్టరు. తేమ 17 శాతానికి దిగాలి. దిగాలంటే మూడు నాలుగు రోజుల ఎండ కావాలి, ఆరబోయడానికి జాగ కావాలి. ఎండకు మనకు కరువు లేదు. కరువంతా జాగకే. అందుకే రోడ్డు మీద పోస్తున్నాం. చుట్టూ రాళ్లు పెడుతున్నాం, రాత్రికి నల్ల కవరు కప్పుతున్నాం. చీకట్లో బండి మీద వచ్చేవాడికి ఆ కుప్ప కనపడదు. ఏటా ఏదో ఒక జిల్లాలో ఆ రాళ్లకు, ఆ కుప్పలకు తగిలి మనుషులు చనిపోతూనే ఉన్నారు. పొయ్యేది మన ఇండ్ల పిల్లలే.

అదే రోడ్డుకు అటూ ఇటూ చూడండి. వెంచర్లు. రంగు కొట్టిన హద్దు రాళ్లు, ఒక కమాను, ఒక గేటు, గేటుకు తాళం. లోపల ఇల్లు లేదు, మనిషి లేడు, పంట లేదు. సర్కారు తుమ్మ మొలిచింది. ఇవతల రైతు రోడ్డు మీద వడ్లు నేర్పుతుంటే అవతల ఎకరాలకు ఎకరాలు తాళం కింద ఉన్నాయి. దీనికే అభివృద్ధి అని పేరు పెట్టారు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పట్నంలో కూర్చొని పటం గీసేవాళ్లకు ఖాళీగా కనపడే జాగ ఊరికి ఎన్నడూ ఖాళీ కాదు. ఏ ప్లాను వేసినా ముందు ఊరికి ఏమేం కావాలో లెక్క రాయాలి, ఆ జాగను పక్కన పెట్టాలి, మిగిలినదాని మీదనే గీత గీయాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ముందు గీత గీస్తున్నారు, ఆ తర్వాత ఊరికి కబురు చెప్తున్నారు.

రికార్డులో ఒక పేరు, ఊళ్లో ఒక బతుకు

పాత పహాణీ తెరిచి చూస్తే బంచరాయి, శిఖం, బాట, గ్రామకంఠం, పోరంబోకు అని పేర్లు ఉంటాయి. ఆఫీసులో అవన్నీ కలిపి ప్రభుత్వ భూమి. ఊళ్లో ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. బంచరాయి పశువులు మేసే జాగ. గొల్లకుర్మల మందలకు అదే ఆధారం. శిఖం అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల, నీళ్లు దిగితే మేత దొరికే నేల. బాట అంటే పొలానికి ట్రాక్టరు పోయే తోవ. గుట్ట కింద జాగలో శ్మశానం ఉంటుంది. గ్రామకంఠంలో కల్లం ఉంటుంది, పెంటకుప్ప ఉంటుంది. బతుకమ్మ ఆడేది, పీర్లు లేపేది, పిల్లలు కబడ్డీ ఆడేది, రైతు సంఘం మీటింగు పెట్టుకునేది అక్కడే.

2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టి యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. మంచిదే. మేపడానికి జాగ మాత్రం ఎవరూ లెక్క చూడలేదు. గొర్రె రాసిన కాగితం మీద కంచ రాయలేదు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు అన్నారు. జాగ దొరికిన కాడ మంచిగానే అయ్యాయి. దొరకని కాడ రాళ్ల గుట్ట మీద, ఊరికి దూరంగా బోర్డు పాతి పోయారు. ఆడపిల్ల సాయంత్రం పూట ఆ గుట్ట మీదికి ఆడుకోను పోతదా? ఊరి నడుమ ఉన్న ఖాళీ జాగ ముందే పోయింది గనుక ఆటస్థలం గుట్టకెక్కింది.

నీళ్ల సంగతి జనగామ వాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన ప్రాంతం మనది. దేవాదుల నీళ్లు తపాస్‌పల్లికి, బొమ్మకూరుకు వచ్చి చెరువులు, కుంటలు తడిసినంక నాలుగు వడ్లు కండ్ల చూస్తున్నాం. కుంట పూడిస్తే, వచ్చే కాల్వకు అడ్డం మట్టి పోస్తే, దాని కింది బోర్లన్నీ రెండేండ్లలో మళ్లీ ఎండుతాయి. ప్లాటు కొన్నాయనకు ఆ సంగతి తెలవదు. అమ్మినాయనకు అక్కర లేదు.

పెద్ద ప్లాన్లు మనకు నేర్పిన పాఠం

ఇది ఒక్క వెంచర్ల గొడవైతే ఊళ్లో కూర్చొని తెంపుకోవచ్చు. మీద నుంచి దిగే ప్లాన్లు వేరు. 2022లో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మనం కుడా అంటాం, వరంగల్ ఔటర్ రింగు రోడ్డు పక్క ల్యాండ్ పూలింగ్ అని నోటిఫికేషన్ ఇచ్చింది. వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల్లో 27 గ్రామాలు, 21 వేల ఎకరాలకు పైన. మన జిల్లా పేరు కూడా అందులో ఉందని మరువద్దు. రెండు పంటలు పండే నేల మీద టౌన్‌షిప్పులు గీశారు.

పూలింగ్ అంటే ఏందో మళ్లొక్కసారి చెప్పుకుందాం. మన ఎకరం వాళ్లకు ఇస్తే రోడ్లు, మోరీలు వేసి కొన్ని గజాల ప్లాటు మనకు తిరిగి ఇస్తామంటారు. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే సామాజిక ప్రభావం అంచనా వేయాలి, పరిహారం కట్టాలి, పునరావాసం చూపాలి. భూమి లేని కూలీకి, కౌలుదారుకు కూడా బతుకుదెరువు పోయిందని లెక్కలోకి వచ్చే తోవ ఆ చట్టంలో ఉంది. పూలింగ్‌లో అవన్నీ పక్కకు పోతాయి. మీరే ఇష్టపడి ఇచ్చారు కదా అంటారు.

27 ఊళ్ల రైతులు ఇష్టపడలేదు. ఊరూరా సభలు పెట్టారు, రోడ్లెక్కారు. ఏ పార్టీ వాడైనా సరే, భూమి దగ్గర ఒక్కటే మాట అన్నారు. 2022 మే నెలలో కుడా వెనక్కి తగ్గక తప్పలేదు.

ఆ మరుసటి జనవరిలో కామారెడ్డి. పట్టణ మాస్టర్ ప్లాను ముసాయిదాలో చుట్టుపక్క ఊళ్ల పచ్చని పొలాలను పారిశ్రామిక జోన్ కింద రంగు మార్చారు. రంగు మారితే భూమి మన పేరు మీదనే ఉంటది, కాని అమ్ముదామంటే కొనేవాడు ఉండడు, బిడ్డ పెండ్లికి కుదువ పెడదామంటే తీసుకునేవాడు ఉండడు. అడ్లూరు ఎల్లారెడ్డి రైతు ఒకాయన ఆ దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. వేల మంది కలెక్టరేట్ ముందట కూర్చున్నారు. 2023 జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లానును రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే నెలలో అదే జరిగింది. ముందే ఊళ్లకు వచ్చి నక్ష పరిచి అడిగి ఉంటే ఒక రైతు బతికేవాడు.

పూలింగ్‌కు ఒప్పుకున్నవాళ్ల గతి చూడాలంటే అమరావతి దిక్కు చూడండి. 2015లో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, దాని మీద వ్యాపార స్థలం, పదేండ్లు కౌలు అన్నారు. 2019లో ప్రభుత్వం మారింది, మూడు రాజధానులన్నారు, పనులు నిలిచాయి. ఆ రైతులు, ఆడవాళ్లు ఏండ్ల తరబడి టెంట్ల కింద కూర్చున్నారు. మళ్లీ ప్రభుత్వం మారినంక 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి పనులు తిరిగి మొదలుపెట్టారు. మధ్యలో పదేండ్లు పోయాయి. మూడు పంటలు పండే నేల ఇచ్చిన రైతుకు కాగితం మీద ప్లాటు, ఎన్నికల మీద ఆశ మిగిలాయి. ఏ పార్టీది తప్పని మేము ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. పొలం ఉంటే రైతు బతుకు వాన మీద ఆధారపడుతది. ప్లాటు అయితే ఎన్నికల మీద ఆధారపడుతది. వానే నయం.

ఇది ఒక్క పల్లెటూళ్ల బాధ కాదు. హైదరాబాదులో కంచ గచ్చిబౌలి సంగతి అందరూ టీవీల్లో చూశారు. కంచ అంటే మనకు తెలుసు, పశువులు మేసే బీడు. యూనివర్సిటీ పక్కన సర్వే నంబరు 25లో 400 ఎకరాలు. 2025 మార్చి ఆఖరున, ఉగాది, రంజాన్ సెలవులు చూసుకొని రాత్రింబవళ్లు జేసీబీలు నడిపారు. విద్యార్థులు అడ్డం పడ్డారు, కేసులు పెట్టించుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. ఆ చెట్లను మళ్లీ ఎట్లా పెంచుతారో చెప్పమని అడిగింది. నెమళ్లు, జింకలు తిరిగే జాగ కూడా ఆఫీసు లెక్కలో ఖాళీ జాగే. పట్నంలో చదువుకునే పిల్లలకూ, పల్లెలో గొర్రెలు కాసే ముసలాయనకూ కడుపు మంట ఒక్కటే అని ఆ నాలుగు రోజులు చూపించాయి.

పది శాతం ఎటు పోయింది?

లేఅవుట్ వేస్తే అందులో పది శాతం జాగ పార్కు, ఆటస్థలం లాంటి ఊరుమ్మడి అవసరాలకు వదలాలని నిబంధన ఉంది. వదిలిన జాగను పంచాయతీ పేరు మీద రాసివ్వాలి. ఎన్ని వెంచర్లలో వదిలారు? ఎన్ని పంచాయతీల దగ్గర ఆ కాగితం ఉంది? వదిలినట్టు పటంలో చూపి, మళ్లా దాన్ని కూడా ప్లాట్లు కొట్టి అమ్మినవి ఎన్ని?

అనుమతి లేని ప్లాట్లకు 2020లో ఎల్ఆర్ఎస్ తెచ్చారు. రాష్ట్రమంతా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో ఒక లెక్క ఉంది, జాగ్రత్తగా వినండి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగ లేకుంటే, ప్లాటు కొన్నాయన ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. కడితే సక్రమం అయిపోతది. అంటే ఊరి పిల్లలు ఆడుకోవాల్సిన జాగను రియల్ ఎస్టేట్ ఆయన అమ్ముకొని పోయాడు, దాని జరిమానా కూలి చేసి ప్లాటు కొన్న పేదోడు కట్టాడు, పైసలు ఖజానాకు పోయాయి. జాగ మాత్రం తిరిగి రాలేదు. పైసలతో పార్కు కొనొచ్చు కదా అంటారు. ఎక్కడ కొంటారు? ఊరి చుట్టూ ప్లాట్లే అయినంక ఎవడు అమ్ముతడు?

కోర్టు మాట కూడా మన దిక్కే ఉంది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరుమ్మడి భూములను ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించి పంచాయతీకి అప్పగించడానికి అన్ని రాష్ట్రాలు పథకం తయారు చేయాలన్నది. బాగా ఖర్చు పెట్టి కట్టుకున్నాం, పెద్దవాళ్ల అండ ఉంది అంటే చెల్లదన్నది. జగ్‌పాల్ సింగ్ కేసు అంటారు. ఈ పేరు ప్రతి గ్రామ కమిటీ రాసి పెట్టుకోవాలి. అట్లే 2013 చట్టం పదో సెక్షన్: రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే మార్గమే లేనప్పుడు తప్ప తీసుకోవద్దు. ఇది కూడా రాసుకోండి.

కల్లం కడితే తప్పట!

ఉపాధి హామీ కింద రైతుల చెలకల్లో వడ్లు ఆరబోసుకునే సిమెంటు కల్లాలు కట్టించింది నాటి రాష్ట్ర ప్రభుత్వం. 2022లో కేంద్రం లేచి, అవి ఉపాధి హామీ కిందికి రావు, 151 కోట్లు తిరిగి కట్టమన్నది. ఇక్కడివాళ్లు అక్కడివాళ్లను తిట్టారు, అక్కడివాళ్లు ఇక్కడివాళ్లను తిట్టారు. కల్లాలు అక్కడే ఆగాయి. రైతు మళ్లీ రోడ్డెక్కాడు.

ఇప్పుడు ఇంకో దిక్కు చూడండి. రంగారెడ్డి జిల్లాలో ఫ్యూచర్ సిటీకి 30 వేల ఎకరాలు అంటున్నారు. అక్కడికి పోవడానికి రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా 41 కిలోమీటర్ల పొడుగు, 330 అడుగుల వెడల్పు రోడ్డు. ఇంకా పుట్టని నగరానికి 330 అడుగుల రోడ్డుకు జాగ దొరికింది, పైసలు దొరికాయి. ఇప్పటికే పండిన వడ్లకు నాలుగు గుంటల కల్లం దొరకలేదు. ఏ గ్రేడు వడ్లకు 2025-26 సీజనులో మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. చెడగొట్టు వానకు రోడ్డు మీద తడిసి మొలకెత్తిన వడ్లకు ఆ ధర ఎవరిస్తారు? తేమ అని, తాలు అని తరుగు తీసినప్పుడు పోయేది ఎవరి సొమ్ము?

మీరు అభివృద్ధికి అడ్డమా?

ఈ మాట ప్రతి మీటింగులో అడుగుతారు. కాదు. మాకు బస్సు కావాలి, దవాఖానలో రాత్రి పూట డాక్టరు కావాలి, బడికి ప్రహరీ కావాలి, పిల్లలకు ఇక్కడనే కొలువు కావాలి. ఫ్యాక్టరీ వస్తే వద్దనం, ఏ నేల మీద వస్తుందో, ఎన్ని నీళ్లు తాగుతుందో, ఎటు వదులుతుందో అడుగుతాం. అడగడం అడ్డుపడటం కాదు. ఇల్లు కట్టేముందు మేస్త్రి కూడా ఇంటామెను అడుగుతాడు, పొయ్యి ఎటు పెట్టాలని.

ఇంకో మాట అడుగుతారు: మీ రైతులే కదా అమ్ముతున్నారు? నిజం. 2016 అక్టోబరులో జనగామ జిల్లా అయినంక ధరలు పెరిగాయి. పంటకు గిట్టుబాటు లేక, బిడ్డ పెండ్లికి, ఆసుపత్రి బిల్లుకు, ఎకరం అమ్మినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లను తప్పు పట్టం. ఎవుసం గిట్టితే ఎవడు అమ్ముతడు? తన పట్టా భూమి అమ్ముకోవడం ఒకరి హక్కు. ఊరి కుంట, ఊరి బాట, ఊరి కంచ అమ్మే హక్కు ఏ ఒక్కరికీ లేదు.

ఇక మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. ఏటా ఒక సాలు చొప్పున బాటను దున్ని కలుపుకున్నది మనమే. కుంట శిఖంలో మడి కట్టుకున్నది మనమే. ఊరి బంచరాయి వెంచర్లో కలుస్తుంటే, మనవాడే మధ్యవర్తి అని, కమీషను వస్తదని నోరు మూసుకున్నది మనమే. పెద్దోడు ఎకరాలు మింగినప్పుడు అడగాలంటే, మనం మింగిన జానెడు ముందు కక్కాలి. లేకుంటే వాడు మన వేలే చూపి మన నోరు మూయిస్తాడు.

ఏం చేద్దాం?

దాదాపు రెండేండ్లు సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలనలో గడిపాం. 2025 డిసెంబరులో ఎన్నికలై కొత్త సర్పంచులు, వార్డు మెంబర్లు కూర్చున్నారు. ఓటు అడిగినప్పుడు ఇంటికి వచ్చారు, ఇప్పుడు గ్రామసభకు రమ్మని మనం పిలుద్దాం. ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగు పనులు పెట్టుకోవాలి.

ఒకటి: ఊరి నక్ష, పాత పహాణీ నకలు తీయించాలి. బంచరాయి, శిఖం, కుంట, వాగు, బాట, శ్మశానం ఎన్ని ఎకరాలు ఉండాలి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, పెద్దమనుషులను, గొర్రెల కాపరులను వెంటబెట్టుకొని తిరిగి చూసి రాయాలి. సర్వేయరుతో హద్దులు పెట్టించమని తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వాలి.

రెండు: ఊళ్లోని ప్రతి లేఅవుట్ కాగితం పంచాయతీలో అడగాలి. ఇవ్వకుంటే సమాచార హక్కు కింద అడగాలి. పది శాతం జాగ పంచాయతీ పేరు మీద ఉందా లేదా తేల్చాలి. ఉంటే అక్కడ బోర్డు పాతి, చెట్లు పెట్టి, పిల్లలను ఆడనివ్వాలి. వాడకం ఉన్న జాగను మింగడం కష్టం.

మూడు: ప్రతి ఊరికి ఉమ్మడి కల్లం కోసం జాగ గుర్తించి గ్రామసభలో తీర్మానం చేయాలి. ఉపాధి పనుల కింద అయినా, రాష్ట్ర నిధులతో అయినా వచ్చే వానాకాలం కోతల లోపల కట్టించాలని అడగాలి. అప్పటిదాకా, తాళం వేసిన వెంచర్ల యజమానులను కోతల నెల గేటు తీయమని పంచాయతీ అడగాలి. తుమ్మలు మొలిచే జాగలో నెల రోజులు వడ్లు ఎండితే వాళ్లకు పోయేది ఏమీ లేదు.

నాలుగు: మాస్టర్ ప్లాను, పూలింగ్, రింగు రోడ్డు, ఏ పేరుతో వచ్చినా సరే, నక్షను తెలుగులో, సర్వే నంబర్లతో, ఊరి బొడ్రాయి దగ్గర పెట్టి గ్రామసభలో అడగనిదే ఒక్క అడుగు కూడా కొలవనియ్యమని ముందే తీర్మానం చేసి పెట్టుకోవాలి. ప్లాను దిగినంక చేసే తీర్మానానికీ, దిగకముందే చేసిన తీర్మానానికీ కోర్టులో తేడా ఉంటది.

ఈ తాలూకాకు భూమి పోరాటం కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఈ గడ్డ మీదనే. కల్లం మీది గింజలను లేవీ అని ఊడ్చుకపోతుంటే ఎదురు నిలబడిన ఊళ్లు ఇవి. మన పక్కనే ఉన్న బైరాన్‌పల్లి బురుజు ఇంకా నిలబడే ఉంది. ఆనాడు కల్లం మీద గింజ కోసం కొట్లాడారు. ఈనాడు గింజ ఉంది, కల్లం లేదు.

మళ్లీ కోతలు వస్తాయి. మళ్లీ రోడ్డు మీద రాళ్లు పెడతాం. ఆ రాయికి తగిలే బండి ఎవరిదో మనకు ముందుగా తెలవదు. అందుకే ఈ నెల గ్రామసభలో మొదటి తీర్మానం కల్లం మీదనే కావాలని కోరుతున్నాం.